ఉమ్మడి గోడ

కిందటి వానాకాలం మా పడకగది పైకప్పులో, ఫ్యాను కొక్కేనికి కొంచెం అవతల, అరచేయంత తడి మరక కనిపించింది. కర్నూలులో మేముండేది అపార్టుమెంటులో, అన్నిటికన్నా పై అంతస్తు. నాలుగు వానలు పడేసరికి మరక పళ్లెమంత అయింది. గోడ మీదికి దిగింది. రంగు బుడగలు కట్టి పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది. అపార్టుమెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే, మేడ అందరిదీ కాబట్టి అందరూ కలిసి బాగుచేయించాలని మా వారు, కారుతున్నది మీ ఇంట్లోనే కాబట్టి మీరే చేయించుకోవాలని కింది అంతస్తుల వాళ్లు, కొన్నాళ్లు వాదించుకున్నారు. చివరికి మేమే పనివాళ్లను పిలిపించాం. వాళ్లలో పెద్దాయన మేడంతా తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని పిట్టగోడ మొదలు తడిమి చూసి, "స్లాబు బాగనే ఉండాది మేడం. పిట్టగోడా స్లాబూ కలిసే కాడ సన్నగా విడిపోయుండాది. నీళ్లు ఆడ్నించి దిగుతాండాయి" అన్నాడు. ఆ అతుకును తొలిచి, శుభ్రం చేసి, రబ్బరులాంటి ముద్ద కూరి, పైన వలగుడ్డ పరిచి తెల్లరంగు పూశారు. ఆ తర్వాత మేడ మీద నీళ్లు నిలబెట్టి చూశారు. మా గది పొడిగానే ఉంది.

ఆయన ఆ సన్నటి పగులు చూపిస్తున్నప్పుడు నేను వింటున్నానేగానీ నా మనసు అక్కడ లేదు. నా చిన్నప్పటి మైదుకూరు ఇంట్లో ఉంది. పాత సంతకు పోయే సందులో ఆ ఇల్లు, మట్టిమిద్దె. మూరెడు మందం గోడలు, గోడ నుంచి గోడకు వేపదూలాలు, వాటి మీద అడ్డంగా కట్టెలు, కట్టెల మీద ఆకుపరుపు, ఆపైన జానెడు బంకమట్టి, అన్నిటికీ పైన చౌడు. ఏ పంటా పండని చేలల్లో తెల్లగా పొంగే ఉప్పుమన్నును మా వైపు చౌడంటారు. పొలంలో ఎవరికీ అక్కరలేని ఆ మన్ను మిద్దె మీదికెక్కితే ఇంటిని కాపాడేది. తొలివాన తగలగానే మెత్తగా కరిగి, ఎండకు నెర్రెలిచ్చిన మట్టిలోకి దిగి, పగుళ్లన్నీ మూసేసేది. ఎండాకాలం చివర బండ్ల మీద చౌడు తోలుకొచ్చి సందులో కుప్పపోయడం, గంపలకెత్తి నిచ్చెన మీదుగా పైకి అందించడం, ఆ పొడి గాలికి లేచి తలా ముక్కూ ఉప్పుప్పుగా అయిపోవడం, ఇదంతా మాకు పండగ పనుల్లాగే ఏటా ఉండే పని.

మా ఇంట్లో మిద్దె బాధ్యత మా అవ్వది. నాయన తల్లి. ఎండ ముదరకముందే చీర దోపుకొని, చెంగున నస్యం కాయ ముడివేసుకొని, పొరక పట్టుకొని నిచ్చెనెక్కేది. మిద్దె ఊడ్చి, ఎక్కడైనా గడ్డిపరక మొలిస్తే వేరుతో సహా పెరికి, ఆ గుంటలో చిటికెడు చౌడు వేసి మడమతో అదిమేది. నీళ్లు బయటికి పోయే రాతి దోనెలో పుల్ల పెట్టి చెత్త తీసేది. వెలుతురు కోసం మిద్దెకు నడుమ గవాచి అనే కంత ఉండేది. మబ్బు పడితే చాలు, ఎవరు ఏ పనిలో ఉన్నా, "గవాచి మీద బండ జరిపినారా" అని అవ్వ గొంతు వినిపించేది. మొదటి వాన కురుస్తున్నంతసేపూ ఆమె ఒక్కో గదిలో నడుమ నిలబడి, తల పైకెత్తి, చెవి ఒగ్గి వినేది. ఎక్కడా చుక్క రాలకపోతే ఏమీ అనేది కాదు. వంటింట్లోకి పోయి మా అమ్మను కాఫీ అడిగేది. అంతే, ఆ ఏడాదికి ఇల్లు గట్టెక్కినట్టు.

మా ఇంటికీ పక్క ఇంటికీ నడుమ గోడ ఒక్కటే. మా దూలాలు ఇటునుంచి, వాళ్ల దూలాలు అటునుంచి ఆ గోడ మీదే కూర్చునేవి. పైన రెండు మిద్దెలూ కలిసి ఒకే కళ్లంలా ఉండేవి. పక్క ఇల్లు మస్తానయ్యది. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. అతను దూది ఏకే విల్లు మోత పగలంతా గోడ అవతలి నుంచి గుయ్యిమంటూ వస్తూనే ఉండేది. నేను ఆ మోత వింటూ ఎక్కాలు వల్లెవేసేదాన్ని. అతని భార్య హుసేనమ్మ మా అమ్మను వదినా అనేది, మా నాయనను అన్నా అనేది. అందుకని నాకు ఆమె అత్త. వాళ్ల కూతురు నూర్జహాన్ నా ఈడుది. మేమిద్దరం నడవడం కన్నా ముందు పాకింది ఆ రెండిళ్ల గడపల మీదే అని మా అమ్మ అనేది.

మా నాయనది పసుపు వ్యాపారం. పెద్దరోడ్డు మీద అంగడి ఉండేది. కొన్న పసుపు మాత్రం ఇంట్లోనే, ఆ ఉమ్మడి గోడ పక్కనున్న కొట్టుగదిలో మూటలకెత్తి దాచేవాడు. పసుపుకు చెమ్మ తగలకూడదు. తగిలితే బూజు పడుతుంది, రంగు చచ్చిపోతుంది. ఒక వానాకాలం కొట్టుగది మూల మిద్దె ఉరిసి, కొన్ని మూటలు బూజు పట్టాయి. అవ్వకు అప్పటికే మోకాళ్ల నొప్పి, అన్ని మూలలూ చూసుకోలేకపోయింది. నాయన ఆమెను ఏమీ అనలేదు. ఎండాకాలం రాగానే ప్రొద్దుటూరు నుంచి మేస్త్రిని పిలిపించి, చౌడంతా ఎత్తి పారబోయించి, మిద్దె మీద సిమెంటు పోయించాడు. కొట్టుగది గోడలకు కూడా సిమెంటు పూత పూయించి సున్నం కొట్టించాడు. మా సందులో అదే మొదటి సిమెంటు మిద్దె. పనులు మానుకొని నిచ్చెనెక్కి చూసినవాళ్లున్నారు. మా మిద్దె ఇప్పుడు పక్క మిద్దె కన్నా బెత్తెడు ఎత్తయింది. గోడ నెత్తిన, మా సిమెంటు ఆగిపోయి వాళ్ల మట్టి మొదలయ్యే చోట, మేస్త్రి సిమెంటుతో ఒక కట్టలా పోసి సర్దాడు.

ఆ ఏడు మా ఇంట్లో చుక్క రాలలేదు. నాయన ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది. వాన పడుతుంటే కొట్టుగదిలో స్టూలు వేసుకొని కూర్చునేవాడు, ఏ పనీ లేకపోయినా. అవ్వకు మాత్రం పొద్దున్నే ఏం చేయాలో తోచేది కాదు. అలవాటుగా పైకెక్కి, ఊడ్చడానికేమీ లేక, కాసేపు నిలబడి దిగివచ్చేది. ఎండాకాలం వచ్చాక ఇల్లు కుంపటిలా అయింది. ఇంతకుముందు మధ్యాహ్నం పూట చల్లగా ఉండే గదుల్లో ఇప్పుడు కూర్చోలేకపోయేవాళ్లం. అవ్వ సిమెంటు మీద వడియాలు పెట్టి, "దీనికి ఇది బాగనే ఉండాది" అంది.

మరుసటి వానల్లో మస్తానయ్య మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు. నాయన నోటిలో వక్కపలుకు వేసుకుంటున్నాడు.

"సెట్టీ, ఒకసారి మా ఇంట్లోకి వచ్చి చూడు. గోడ చెమ్మ పడతాండాది. గోడవార పెట్టిన దూదంతా ముద్దయింది. పైన మీ సిమెంటూ మా మట్టీ కలిసే కాడ నీళ్లు దిగుతాండాయి" అన్నాడు.

"మా పక్క చుక్క తడి లేదు మస్తానూ. ఉరిసేది నీ మట్టిమిద్దె. నువ్వు గూడా సిమెంటు వేయించుకో, సరిపోతాది."

"అంత యోగమే ఉంటే నీ కాడికెందుకొస్తా. మీరు చేయించినంక వచ్చిన తడి సెట్టీ ఇది."

"అంటే నా ఇల్లు నేను బాగుచేసుకునేది తప్పంటావా?"

మస్తానయ్య గడప దిగాడు. "తప్పని ఎవురన్నారు" అని, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడాదికి పైగా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. సందులో ఎదురుపడితే ఒకరు దోనె వైపు, ఒకరు ఆకాశం వైపు చూసేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం మానలేదు. పెరటి గోడ మీదుగా అమ్మా హుసేనమ్మ అత్తా చింతపండూ మజ్జిగా ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. నేనూ నూర్జహానూ బడికి కలిసే పోయేవాళ్లం. మస్తానయ్య దూదిని అవతలి గోడకు మార్చుకున్నాడు. విల్లు మోత కొంచెం దూరమైంది.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. మా సీమలో వాన కోసం చూసే రోజులే ఎక్కువ. కానీ తుపాను తెచ్చే ముసురు అలా కాదు. జోరుగా కురిసి పోదు. సన్నగా, తెరిపి లేకుండా, రోజుల తరబడి జల్లుతూనే ఉంటుంది. ఆరేసిన బట్టలు ఆరవు. పొయ్యిలో కట్టె పొగే కానీ మంట ఇవ్వదు. అలాంటి ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, హుసేనమ్మ అత్త గోనెసంచి నెత్తిన కప్పుకొని వచ్చింది.

"అన్నా, గోడ మా పక్కకు ఉబ్బింది. మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలుతాండాది. మీ దూలం కొస గూడా కనబడతాంది. పిల్లోళ్లను ఆ పక్క పండుకోనీయాకండి" అంది.

నాయన లాంతరు తీసుకొని కొట్టుగదిలోకి పోయాడు. మేమూ వెనకాలే పోయాం. గోడ తెల్లగా, నున్నగా ఉంది. "ఈడ చూడు హుసేనమ్మా, గీత గూడా లేదు" అన్నాడు.

"ఈడ కాదన్నా. మా ఇంట్లోకి వచ్చి చూడు."

నాయన కదల్లేదు. లాంతరు పట్టుకొని గోడవైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మంచం మీద కూర్చున్న మా అవ్వ లేచి, "నువ్వు పోకుంటే నేను పోతా" అని హుసేనమ్మ అత్త భుజం మీద చెయ్యి వేసి, ఆ జల్లులోనే కుంటుకుంటూ వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చింది. కుడిచేయి మోచేతిదాకా తడిమట్టి.

"నాయనా, గోడలో చెయ్యి పెట్టినా. ఈడిదాకా పోయింది" అంది.

నాయన లాంతరుతోనే మస్తానయ్య ఇంటికి పోయాడు. ఏడాదిన్నర తర్వాత ఆ గడప దాటడం అదే. నేను అమ్మ కొంగు పట్టుకొని వాకిట్లో నిలబడి చూశాను. గోడ మధ్యలో, నూర్జహాన్ మంచం వేసుకునే చోట, మట్టంతా జారి కిందికి కుప్పపడి ఉంది. మా సిమెంటు మిద్దె బరువంతా ఆ మెత్తటి గోడ మీద ఉంది. పైన అతుకులోంచి దిగిన నీళ్లకు మా వైపు సిమెంటు పూత దాటి రావడానికి దారి లేదు. అవి లోపలే నిలిచి, గోడను ముద్దచేసి, దారి దొరికిన వైపు బయటపడ్డాయి.

పెరటి పందిరి గుంజలు పెరికి దూలాలకు పోట్లు పెట్టాలనుకున్నారు. "ముందు మీ పక్క పెడదాం సెట్టీ. మీ మిద్దె బరువెక్కువ" అన్నాడు మస్తానయ్య.

"కాదు. ఒరిగింది మీ పక్కకు. పాప మంచం ఈడే గదా ఉండేది" అన్నాడు నాయన.

మొదట వాళ్ల వైపు, తర్వాత మా వైపు, ఇద్దరూ కలిసి ఒక్కో దూలం కింద గుంజ నిలబెట్టి, అడుగున బండ పెట్టి బిగించారు. పని అయ్యాక మస్తానయ్య కొట్టుగదిలో గోడవారగా పేర్చిన మూటల వైపు చూసి, "కొన్నన్నా బయటికి లాగుదాం సెట్టీ" అన్నాడు. నాయన ఒక అడుగు వేశాడు. వాకిలి దగ్గర నిలబడ్డ అవ్వ, "పసుపు మళ్లా పండుతాది. ఇద్దరూ బయటికి రాండి" అంది. నాయన తలుపు మూశాడు.

అందరం పెద్దరోడ్డు మీది అంగడికి పోయాం. ఎవరో పెళ్లికి కుట్టించుకున్న కొత్త పరుపులు మస్తానయ్య దగ్గరుంటే, టార్పాలిన్ చుట్టి తెచ్చి పరిచాడు. తెలియని పెళ్లివారి పరుపుల మీద, పసుపు వాసనలో, రెండిళ్ల వాళ్లం వరసగా పడుకున్నాం. నూర్జహాన్ నా దుప్పటిలోకి దూరింది. తెల్లవారి అమ్మా అత్తా అంగడి వెనక పొయ్యి రాజేస్తుంటే, సందు వైపు నుంచి ఒక మెత్తటి చప్పుడు వచ్చింది. పెద్ద బస్తా ఒకటి ఎత్తునుంచి పడ్డట్టు. దాని వెనకే సిమెంటు పూత పలకగా పడి విరిగిన చప్పుడు. మేం పరిగెత్తి పోయేసరికి గోడ లేదు. మిద్దెలు రెండూ గుంజల మీద నిలబడి ఉన్నాయి. మట్టి కింద నలిగిన మూటల్లోంచి పసుపు కరిగి, వాననీటితో కలిసి, సందు వెంట పచ్చగా పారుతోంది. నాయన ఆ నీళ్లను కాసేపు చూశాడు. తర్వాత నూర్జహాన్ మంచం ఉండే చోటు చూశాడు. అక్కడ నడుము ఎత్తున మట్టి ఉంది.

ఆ చలికాలమంతా మేం గోడ లేకుండానే బతికాం. మస్తానయ్య గోనెసంచులు విప్పి కుట్టి, ఒక పెద్ద పరదా చేసి నడుమ వేలాడదీశాడు. శుక్రవారం వాళ్లింటి సాంబ్రాణి మా వంటింటిదాకా వచ్చేది. మా తిరగమాత ఘాటుకు అటువైపు తుమ్ములు వినిపించేవి. విల్లు మోతకు పరదా ఊగేది. మాంసం కూర వండిన రోజు అత్త పెరట్లో పొయ్యి పెట్టుకునేది. ఆ పూట అవ్వ తన గిన్నెలు తీసుకొని ముందు గదిలోకి మారేది. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక అవ్వ కథ చెప్తుంటే నూర్జహాన్ పరదా కింది నుంచి తల మాత్రం ఇటు పెట్టి వినేది.

ఎండలు కాశాక ప్రొద్దుటూరు మేస్త్రి మళ్లీ వచ్చాడు. ఇటుకతో కట్టి సిమెంటు చేద్దామన్నాడు. నాయన, "నేనొక్కడినే చెప్పేది కాదు" అని మస్తానయ్యను పిలిచాడు. ఇద్దరూ కూలిన గోడ మొదట్లో బండ మీద కూర్చున్నారు.

"నువ్వు చెప్పినప్పుడే వచ్చి చూసింటే సరిపోయుండు మస్తానూ" అన్నాడు నాయన, నేల చూస్తూ.

"నేను గూడా ఇంకొకసారి వచ్చి చెప్పింటే సరిపోయుండు. రోషానికి పోయినా" అన్నాడు మస్తానయ్య.

నేల తేమ పైకెక్కకుండా మోకాలెత్తున నాపరాళ్లు, దాని పైన మట్టీ రాయీ, రెండు వైపులా సున్నం, గోడ నెత్తిన పొడుగునా కడప బండలు, ఇలా కట్టుకున్నారు. మా మిద్దె మీది సిమెంటంతా నాయన దగ్గరుండి గడ్డపారతో పగలగొట్టించాడు. రెండు మిద్దెలూ మళ్లీ ఒకే ఎత్తుకు వచ్చాయి. ఆ ఏటి నుంచి చౌడు ఒకే కుప్పగా పోయించి, ఒకే రోజు రెండిళ్ల మీదా చల్లేవాళ్లు. అవ్వకు ఎక్కడం చేతగాని రోజు వచ్చాక అరుగు మీద కూర్చుని, పైనున్న అమ్మకూ అత్తకూ ఏ మూల పలచబడిందో చెప్పేది. నేను పెద్ద చదువుకు వచ్చిన ఏడాది నాయన అంగడి కర్నూలుకు మార్చాడు. ఇల్లు కొనడానికి చాలామంది వచ్చారు. నాయన మస్తానయ్యకే ఇచ్చాడు. వేరే ఎవరు వచ్చినా ఆ గోడతో ఎట్లా ఉంటారో తెలియదు కదా అన్నాడు.

మట్టిమిద్దెను నేను పొగడబోవడం లేదు. ఆడవాళ్ల నడుములు ఆ చౌడు గంపల కిందే వంగిపోయాయి. పైనుంచి తేళ్లు పడేవి, జెర్రులు పడేవి. ముసురు రోజుల్లో కారే చోటల్లా గిన్నెలు పెట్టి, వాటి నడుమ ముడుచుకొని కూర్చున్న రాత్రులున్నాయి. సిమెంటు తప్పూ లేదు. నా పుస్తకాలు తడవకుండా ఇన్నేళ్లు కాచింది అదే. కానీ ఆ రోజుల్లో చెమ్మ కనిపిస్తే ముందు పక్కింటి తలుపు తట్టేవాళ్లం, పోట్లాడటానికైనా సరే. ఇప్పుడు నా పడకగది గోడకు అవతల ఎవరి మంచం ఉందో నాకు తెలియదు. మా కింద ఇంటి వాళ్ల పేరు నేను వాట్సాప్ గ్రూపులోనే చదివాను. మేడ మరమ్మతు అయ్యాక ఒక్కరూ పైకి వచ్చి చూడలేదు. నేనూ ఎవరినీ రమ్మనలేదు.

మొన్న ఎండాకాలం నూర్జహాన్ ఫోన్ చేసింది. వాళ్లమ్మా నాన్నా పోయి చాలా ఏళ్లయింది. రెండిళ్లూ ఇప్పుడు ఆమెవే. కొడుకు, కోడలు, మనవరాళ్లు అందరూ అక్కడే ఉంటారు.

"రమా, పిల్లోడు మిద్దె తీసేసి స్లాబు వేస్తామంటాండాడు. నడిమి గోడ గూడా తీయాలంట" అంది.

"మంచిదే గదా. ఎప్పుడు మొదలు?"

"మొదలు యాడ. నిన్నడగల్ల గదా ముందు."

నాకు అర్థం కాలేదు. "నన్నెందుకే? ఎప్పుడో మీకు ఇచ్చేసింది గదా మా నాయన."

"ఇల్లు ఇచ్చినాడు. గోడ ఉమ్మడిది. మీ నాయనా మా నాయనా కూర్చోని కట్టుకున్యారు. ఫోన్లో కాదు, నువ్వు రా. నువ్వు వచ్చినంకనే మేస్త్రిని పిలుస్తాం."

మరుసటి రోజు పొద్దున్నే కడప బస్సెక్కి మైదుకూరులో దిగాను. నూర్జహాన్ నన్ను కాళ్లు కడుక్కోనిచ్చి, జొన్నరొట్టె, వంకాయ పెట్టి, తిన్నాక గోడ దగ్గరికి తీసుకెళ్లింది. సున్నం అక్కడక్కడా పసుపుబారింది కానీ ఎక్కడా పెచ్చు లేదు. అరచేయి ఆనించాను. పొడిగా, చల్లగా ఉంది.

"ఇంత గట్టిగా ఉండేదాన్ని తీయాలంటే మనసొప్పడం లేదు" అంది నూర్జహాన్.

వెనక గదిలో ఆమె మనవరాళ్లు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఇరుక్కొని చదువుకుంటున్నారు. కోడలు వాళ్ల పుస్తకాలు పక్కకు జరిపి బియ్యం ఏరుతోంది.

"తీసేయండి నూరూ. పాపలకు చోటు కావాల గదా" అన్నాను.

ఆమె గోడను ఒకసారి అరచేత్తో నిమిరింది. తర్వాత వాకిట్లోకి పోయి, స్కూటర్ తుడుచుకుంటున్న కొడుకుతో అంది, "రేయ్, రమ సరేననింది. మేస్త్రిని రమ్మను."